పార్వతీపురంలో కొన్న కంప్యూటర్‌కు రాయగడలో కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు నడుపుకుంటున్నాను. సాయానికి ఒక కుర్రాడు ఉన్నాడు. ఎనిమిది నెలల కిందట పార్వతీపురంలో 46 వేలు పెట్టి కంప్యూటర్ కొన్నాను. ఈమధ్య ‘ఫలానా డీఎల్ఎల్ ఫైల్ (ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన ఫైల్) లేదు’ అని చూపించి, తెర నీలంగా మారి ఆగిపోతోంది. షాపువాళ్లు రెండుసార్లు డబ్బు తీసుకుని ఫార్మాట్ చేశారు. మళ్లీ అదే గొడవ. ఇప్పుడు ‘సాఫ్ట్‌వేర్‌కు వారంటీ లేదు, కేసు వేస్తే ఆంధ్రాలోనే వేసుకో’ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ చివరి మాటకు భయపడకండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పని చేసుకుని బతికే చోట కేసు వేయొచ్చు. అంటే రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే. 1986 నాటి పాత చట్టంలో ఈ వీలు లేదు. బతుకు ఒడిశాలో, బజారు పార్వతీపురంలో, విజయనగరంలో ఉన్న మనలాంటి వాళ్లకు ఇది పెద్ద అండ. దీన్ని వదులుకోవద్దు.

‘వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారు కాదు’ అని కూడా వాళ్లు వాదించవచ్చు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్న వస్తువుకు ఆ అభ్యంతరం నిలవదు. ఒకరిద్దరు సహాయకులు ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక అసలు విషయం. ఫైల్ ఎందుకు పోతోందన్న దాని మీదే మీ కేసు నిలబడుతుంది. ఏదో ఒక్క ప్రోగ్రామ్ తెరిచినప్పుడే ‘వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ లేదు’ అని వస్తుంటే, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది. దానికి కేసు అక్కర్లేదు. ఆ ఫైల్‌ను ఊరూపేరూ లేని వెబ్‌సైట్ల నుంచి మాత్రం దించుకోకండి, వైరస్ వస్తుంది. మీకు అలా కాదు, మొత్తం ఫార్మాట్ చేశాక కూడా సిస్టమ్ ఫైళ్లు పాడవుతున్నాయి. అలాంటప్పుడు హార్డ్ డిస్కునో ర్యామ్‌నో అనుమానించాలి. అవి హార్డ్‌వేర్, వారంటీ కిందికి వస్తాయి. వేరే మెకానిక్‌తో ‘ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ’ (విండోస్ ఫైళ్లను సరిచూసే ఆదేశం), డిస్కు, ర్యామ్ పరీక్షలు చేయించి, ఫలితాలు రాతపూర్వకంగా తీసుకోండి. నీలం తెరను తేదీ కనబడేలా ఫొటో తీయండి. ఈలోగా ఎవరు చెప్పినా మూడోసారి ఫార్మాట్ చేయించవద్దు, ఆధారాలు చెరిగిపోతాయి. అవసరమైతే 38వ సెక్షన్ కింద యంత్రాన్ని ల్యాబ్‌కు పంపమని కమిషన్‌ను కోరవచ్చు.

ఒక్కటి నిజాయితీగా చూసుకోండి: అందులో వేసిన విండోస్ ఒరిజినలేనా? దొంగ కాపీల్లో మార్చిన ఫైళ్లను యాంటీవైరస్ తీసేయడం మామూలే. మీకు తెలియకుండా ఒరిజినల్ అని బిల్లు వేసి దొంగ కాపీ అంటగట్టి ఉంటే అది అనుచిత వ్యాపార పద్ధతి, మీ కేసుకు బలం. మీరే తక్కువలో పోతుందని అడిగి వేయించుకుని ఉంటే, తెలిసి వాడినందుకు కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ మీకే తగులుతుంది. ముందు లైసెన్సు కొనండి.

షాపుకు స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు. అక్కడ తేలకపోతే కేసు ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ఫార్మాట్లకు కట్టిన డబ్బు, షాపు ఆగిన రోజుల నష్టం కూడా అడగండి. ఆ రసీదులు లేకపోతే ఫోన్‌పే, బ్యాంకు చెల్లింపుల వివరాలు జతచేయండి. యంత్రాన్ని ఎవరికి అప్పగించినా, ముందుగా జనం మీ దగ్గర ఉంచిన ఆధార్, భూమి కాగితాల స్కాన్లను వేరే డిస్కులోకి ఎక్కించి, అందులోంచి తీసేయండి. చెరిపేది ఆ స్కాన్లను మాత్రమే, సిస్టమ్ ఫైళ్ల జోలికి పోవద్దు.