ఆ ఏడుగురు పిల్లలు ఎవరు? – కొత్త ఉద్యోగంలో చేరిన బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో టెస్టు స్కోర్లు చూసే ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మురిసిపోయింది. నువ్వు మాత్రం రెండు లైన్లే మెసేజ్ పెట్టావు. "మూడేళ్ల స్టార్ ఫైళ్లు, అదే టెక్సాస్ స్టేట్ టెస్టు స్కోర్లు, నా ముందు పడేశారు పెద్దమ్మా, టెన్షన్‌గా ఉంది, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?" అని. టెక్సాస్‌లో ఇరవై ఏళ్లకు పైగా ముందు టీచర్‌గా, తర్వాత నీలాంటి కుర్చీలోనే కూర్చుని రిటైరైనదాన్ని. ఫోన్‌లో చెప్తే "ఊ, ఊ" అంటూ వంట చేసుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నా.

ఫైలు తెరవగానే నీ చెయ్యి పాస్ పర్సెంటేజీ మీదికి పోతుంది. కాసేపు ఆపుకో. పోయినేడు ఒక స్కూల్లో మూడో గ్రేడు పిల్లలు వంద మంది మ్యాథ్ రాస్తే 70 మంది పాసయ్యారనుకో. ఈ ఏడు అదే స్కూల్లో నాలుగో గ్రేడులో వంద మంది రాస్తే 66 మందే పాసయ్యారు. మీటింగులో ఎవరో ఒకరు "నాలుగు పాయింట్లు పడిపోయాం" అంటారు, నాలుగో గ్రేడు టీచర్లు తలలు దించుకుంటారు. కానీ ఆ వందా ఈ వందా ఒకటేనా? విప్పి చూస్తే రెండేళ్లూ అక్కడే ఉన్నవాళ్లు 84 మంది. పదహారు మంది ఊరు మారి వెళ్లిపోయారు, వాళ్లలో పది మంది పోయినేడు పాసైనవాళ్లు. కొత్తగా పదహారు మంది వచ్చారు, వాళ్లలో ఐదుగురే పాసయ్యారు. అక్కడే ఉన్న 84 మందిలో పోయినేడు పాసైనవాళ్లు 60, ఈ ఏడు 61. అంటే ఆ టీచర్లు చదువు చెప్పిన పిల్లలు పడిపోలేదు, ఒక మెట్టు ఎక్కారు కూడా.

చాలామంది ఇక్కడితో ఊపిరి పీల్చుకుని ఫైలు మూసేస్తారు. నువ్వు ఇంకాస్త లోపలికి వెళ్లు. ఆ 60లో మళ్లీ పాసైనవాళ్లు 53 మందే. పోయినేడు తప్పి ఈ ఏడు గట్టెక్కినవాళ్లు 8 మంది. 53కి 8 కలిపితే 61. మరి 60లోంచి 53 తీసేస్తే మిగిలిన ఏడుగురు ఏమయ్యారు? పోయినేడు బాగానే ఉన్న ఏడుగురు పిల్లలు ఈ ఏడు జారిపోయారు. "ఒకటి పెరిగింది" అన్న మంచి వార్త కింద వాళ్లు దాక్కుని ఉన్నారు. నీ ఉద్యోగం ఆ ఏడుగురి పేర్లు పట్టుకుని స్కూలుకు వెళ్లి అడగడం. ఒకరికి కళ్లజోడు కావాలి, ఒకరి ఇంట్లో ఏదో జరిగింది, ఇద్దరు వారానికో రోజు బడికి రావడం లేదు. ఇవేవీ నీ ఎక్సెల్‌లో ఉండవు, ఎవర్ని అడగాలో మాత్రం అదే చెప్తుంది.

పిల్లల్ని ఏడాదికి ఏడాది జత కలపడం చెప్పినంత సులువు కాదు. పేర్లతో కలపకు. మన పిల్లల్నే చూడు, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందొచ్చినవాళ్లు, గివెన్ నేమ్ గడి ఖాళీగా ఉండి 'ఎఫ్ఎన్‌యూ' (అంటే మొదటి పేరు తెలియదు) అని పడినవాళ్లు, ఒక ఏడు అలా మరో ఏడు ఇలా కనిపిస్తారు. మెక్సికో కుటుంబాల పిల్లలకు రెండు ఇంటిపేర్లుంటాయి, ఒక్కో ఆఫీసులో ఒక్కోటి రాస్తారు. స్టేట్ ఇచ్చిన స్టూడెంట్ ఐడీతోనే కలుపు. ఐడీ ముందు సున్నాలుంటే ఎక్సెల్ వాటిని చప్పుడు చేయకుండా మింగేస్తుంది, అందుకని ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టాకే డేటా తెచ్చుకో. ఇది తెలియక నేనొక శనివారమంతా పిల్లలు మాయమైపోయారని వెతుక్కున్నాను.

ఏ ఏడుతో ఏ ఏడును పోల్చొచ్చో కూడా చూసుకో. 2020లో కోవిడ్ వల్ల స్టార్ పెట్టనే లేదు, అక్కడ గొలుసు తెగింది. 2023లో టెస్టు రూపమే మార్చారు. దాదాపు అందరికీ ఆన్‌లైన్, మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు 75 శాతానికి మించకూడదని పరిమితి, రీడింగ్‌లో మూడో గ్రేడు నుంచే వ్యాసం. 2022 రీడింగ్‌ను 2023తో పోల్చి ఎవరైనా గట్టిగా మాట్లాడుతుంటే మెల్లగా ఈ సంగతి గుర్తుచెయ్యి. ముందుముందు ఇంకా ఉంది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2027-28 నుంచి స్టార్ పోయి, ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చిన్న టెస్టులు వస్తాయి. కాబట్టి ఇప్పుడు నువ్వు కట్టే ఫైలు ఏ ఒక్క పరీక్షకో అతుక్కోకుండా, పిల్ల ఐడీ చుట్టూ కట్టు. నేను వచ్చిన కొత్తలో స్టేట్ టెస్టుగా టాస్ ఉండేది, 2003లో టాక్స్ వచ్చింది, 2012లో స్టార్ వచ్చింది. పరీక్షల పేర్లు మారుతూనే ఉంటాయి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. మీ పెదనాన్నకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

టాక్స్ రోజుల్లో నేను ఐదో గ్రేడు టీచర్ని. నాకు ఎక్సెల్ వచ్చు కాబట్టి బెంచ్‌మార్క్ టెస్టు (అసలు పరీక్షకు ముందు పెట్టే నమూనా టెస్టు) మార్కులకు రంగులు వేసిమ్మని అడిగారు. పాసయ్యేవాళ్లు పచ్చ, రెండు మూడు ప్రశ్నల తేడాతో తప్పుతున్నవాళ్లు పసుపు, బాగా వెనకబడ్డవాళ్లు ఎరుపు. ఎంత అందంగా వేశానో! ఆ షీటు చూసి, స్కూలు అయ్యాక పెట్టే ట్యూటరింగ్ అంతా పసుపు పిల్లలకే ఇచ్చారు. కాస్త తోస్తే గీత దాటేది వాళ్లే కదా, స్కూలు పర్సెంటేజీ పెరిగేదీ వాళ్లతోనే. ఇక్కడ వాళ్లను 'బబుల్ కిడ్స్' అంటారు. ఎరుపు పిల్లల్ని వదిలెయ్యమని ఎవరూ నోటితో అనలేదు. నా రంగులే ఆ మాట అనేశాయి.

ఎరుపులో ఒక అమ్మాయి ఉండేది. వాళ్లమ్మ రెస్టారెంట్‌లో పనిచేసేది, ఒకరోజు యూనిఫాంలోనే వచ్చి "నా పిల్ల ఎలా చదువుతోంది?" అని అడిగింది. నేను షీటు చూసి, ఇంకా ఫెయిల్ అవుతోందండీ అన్నాను. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. తర్వాత రీడింగ్ టీచర్ నోట్‌బుక్ చూస్తే, ఆ అమ్మాయి సెప్టెంబరులో రెండో గ్రేడు పుస్తకాలు తడుముకుంటూ చదివేది, మార్చికల్లా నాలుగో గ్రేడు పుస్తకాలు చదువుతోంది. ఆరు నెలల్లో రెండేళ్ల చదువు! నా షీటులో సెప్టెంబరులోనూ ఎరుపే, మార్చిలోనూ ఎరుపే. ఆ తల్లికి నేను చెప్పాల్సిన మాట వేరు. వేసవిలో వాళ్లు ఊరు మారిపోయారు, చెప్పే అవకాశం మళ్లీ రాలేదు.

అందుకని ఒక్క గీతను నమ్ముకోకు. స్టార్‌లో పిల్లల్ని నాలుగు గడుల్లో వేస్తారు కదా, డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని. అప్రోచెస్ వస్తే పాసే, కానీ పై గ్రేడులో నెగ్గుకురావాలంటే ఇంకా సాయం కావాలని దాని అర్థం. ఇంటి దగ్గర మాత్రం "పాసైంది" అనే వినిపిస్తుంది. నువ్వు గడితో పాటు స్కేల్ స్కోరు, అంటే ఏ ఏటి టెస్టునైనా ఒకే కొలతలోకి మార్చిన మార్కు, కూడా పక్కన పెట్టుకో. మూడు నుంచి ఎనిమిది గ్రేడుల దాకా రీడింగ్, మ్యాథ్ స్కోర్లు ఒకే కొలబద్ద మీద ఉంటాయి కాబట్టి, గడి మారకపోయినా పిల్ల కదిలిందో లేదో కనబడుతుంది.

మీ డిస్ట్రిక్ట్‌లో స్టార్ కాకుండా మ్యాప్ అనే కంప్యూటర్ టెస్టు కూడా ఉందన్నావు. మంచిదే, ఏడాదిలో రెండు మూడు సార్లు పెడతారు, కదలిక బాగా తెలుస్తుంది. కానీ దాంతో మన తెలుగు తల్లిదండ్రులు చేసే హడావుడి అంతా ఇంతా కాదు. వాడకట్టు వాట్సాప్ గ్రూపుల్లో పర్సెంటైల్‌లు (వంద మందిలో ఎందరికన్నా పైనున్నారో చెప్పే అంకెలు) తిరుగుతాయి. "పోయినసారి 97, ఈసారి 94, ఏం జరిగింది?" అని నాకే రాత్రి పదింటికి ఫోన్లు వచ్చేవి. ఏమీ జరగలేదమ్మా అనేదాన్ని. మ్యాప్ ఇచ్చే మార్కును రిట్ స్కోరు అంటారు, అందులో మూడు పాయింట్ల అటూఇటూ టెస్టు కొలతలో సహజంగా ఉండే తేడా. అదే పిల్ల మర్నాడు రాసినా అంత మారొచ్చు. శీతాకాలంలో రెండు పాయింట్లు తగ్గిందని ఏ పిల్లనూ 'పడిపోయింది' గడిలో వెయ్యకు, మూడోసారి రాసేదాకా ఆగు. అందరికీ ఏడాదికి పది పాయింట్లు అని ఒకే టార్గెట్ కూడా పెట్టకు. 2020లో వేసిన జాతీయ సగటుల ప్రకారం మ్యాథ్‌లో మూడో గ్రేడు పిల్లలు ఏడాదిలో సుమారు 188 నుంచి 201కి వెళ్తారు, పదమూడు పాయింట్లు. ఐదో గ్రేడు వాళ్లు 209 నుంచి 219కి, పది పాయింట్లు. పై గ్రేడులకు వెళ్లేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఒకే టార్గెట్ పెడితే పెద్ద గ్రేడుల టీచర్లంతా చెడ్డవాళ్లుగా, చిన్న గ్రేడుల వాళ్లంతా గొప్పవాళ్లుగా కనిపిస్తారు. ఈ సగటులను ఆ కంపెనీ మారుస్తూ ఉంటుంది, మీ ఫైలులో ఏ ఏటివి వాడుతున్నారో ఒక మూల రాసి పెట్టు.

ఎంతమంది పాసయ్యారో చూసేముందు ఎంతమంది రాశారో చూడు. ఫెడరల్ చట్టం 95 శాతం మంది రాయాలంటుంది. మన టెక్సాస్‌లోనే ఎల్ పాసోలో జరిగింది నీకు తెలియాలి. అక్కడ పదో గ్రేడు టెస్టులో తప్పేలా ఉన్న పిల్లల్ని అసలు ఆ గ్రేడులోనే లేకుండా చేశారు. కొందర్ని తొమ్మిదిలో ఆపారు, కొందర్ని పదకొండుకు దాటించారు. పర్సెంటేజీలు చక్కగా పెరిగాయి. 2012లో ఆ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లారు. ఏదైనా స్కూలు ఉన్నట్టుండి ఎగబాకితే చప్పట్లు కొట్టేముందు హాజరు పట్టీ తీసి చూడు.

ఇందులోనే చట్టబద్ధంగా జరిగే చిన్న మాయ ఇంకోటుంది. అక్టోబరు చివరి శుక్రవారం నాటికి ఒక స్కూల్లో పేరున్న పిల్లల స్కోరే వసంతంలో స్టేట్ ఆ స్కూలుకిచ్చే రేటింగులోకి వస్తుంది. నవంబరులో చేరిన పిల్ల రాసినా ఆ స్కూలు లెక్కలోకి రాదు. న్యాయంగానే పెట్టారు, ఐదు నెలలు చెప్పిన టీచర్‌ను ఏమంటాం? కానీ రేటింగులో లేని పిల్ల మీటింగుల్లో కూడా ఉండదు. ఇల్లు మారుతూ తిరిగే పేద పిల్లలే ఎక్కువగా అలా మిగిలిపోతారు. నేను వాళ్లకు వేరే షీటు పెట్టేదాన్ని, ఎవరూ అడగకపోయినా.

హైదరాబాదు నుంచి నేరుగా వచ్చి నాలుగో గ్రేడులో కూర్చున్న పిల్లాడు నీకు కచ్చితంగా తగులుతాడు. వాళ్లమ్మ "మావాడికి ఎక్కాలు ఇరవై దాకా వచ్చు" అంటుంది, నిజంగానే వచ్చు. మ్యాథ్ స్కోరు మాత్రం అడుగున ఉంటుంది, ఎందుకంటే లెక్క మొత్తం ఇంగ్లిష్ కథలో చుట్టి ఇస్తారు. స్టార్‌ను స్పానిష్‌లో రాసే వీలు మూడు నుంచి ఐదు గ్రేడుల వరకే ఉంది, తెలుగులో లేదు. వాణ్ని లెక్కల్లో వీక్ అని తేల్చేముందు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకు స్టేట్ పెట్టే టెల్‌పాస్ టెస్టు స్కోరు తీసి పక్కన పెట్టు. అందులో వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం వేరువేరుగా ఉంటాయి.

చిన్న గుంపుల పర్సెంటేజీ చెప్పకు. పన్నెండు మందిలో ఒక్క పిల్ల తప్పితే ఎనిమిది పాయింట్లు పోతాయి. అలాంటి చోట "పన్నెండులో ఇద్దరు" అని మాటల్లో చెప్పు. ఇంకా చిన్న గుంపైతే బయటి రిపోర్టులో అసలు చూపించకూడదు, ఎవరో తెలిసిపోతుంది. 1974 నుంచి పిల్లల రికార్డులకు ఇక్కడ చట్టపు రక్షణ ఉంది. మన కార్పొరేట్ కాలేజీల్లో వీక్లీ టెస్టు ర్యాంకులు నోటీసు బోర్డుకు అంటించేవాళ్లు గుర్తుందా, నీ పేరు నలభయ్యోదని మూడు రోజులు అన్నం తినలేదు నువ్వు. అలాంటి గోడ ఇక్కడెక్కడైనా కనిపిస్తే పేర్లు తీయించు.

ఒకసారి ఒక స్కూల్లో ఐదో గ్రేడు పిల్లలంతా వాల్యూమ్ లెక్కలన్నీ తప్పారు. ఆఫీసులో పెద్ద చర్చ, ట్రైనింగ్ పెట్టాలి, కొత్త ప్రోగ్రాం కొనాలి అని. నేను కారేసుకుని వెళ్లి టీచర్‌ను అడిగాను. ఆవిడ నావైపు వింతగా చూసి "ఆ పాఠం వచ్చే నెల కదా!" అంది. బెంచ్‌మార్క్ తయారుచేసినవాళ్లు సిలబస్ క్యాలెండర్ చూడలేదు. నెలకు రెండుసార్లయినా ఆఫీసు వదిలి క్లాసురూముల్లో కూర్చో. వెళ్లేటప్పుడు లాప్‌టాప్ తీసుకెళ్లకు, టీచర్లకు తనిఖీకి వచ్చినట్టుంటుంది.

నీ మొదటి షీటు రెండు వారాల్లో కట్టేయగలవు. ఒక స్కూలు, ఒక గ్రేడు, మ్యాథ్ ఒక్కటే చాలు. ఆదివారం పట్టుకుని మా ఇంటికి రా, పులిహోర చేస్తాను, కూర్చుని చూద్దాం. పిల్లల పేర్లు, ఐడీలు మాత్రం తీసేసి తీసుకురా. నేను రిటైరైపోయాను, అవి చూసే హక్కు నాకిప్పుడు లేదు.

మీ పెద్దమ్మ