స్కిట్‌ను ప్రహసనం అనవచ్చా?

సందేహం: మాది ఒడిశాలోని బరంపురం. మా పట్టుచీరల కొట్టు కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో నిమిషం లోపు నవ్వించే స్కిట్లు పెడుతున్నాం. వీటిని ‘ప్రహసనం’ అందామంటే, పేపర్లో ‘విచారణ ప్రహసనంగా మారింది’ అని రాస్తారు, అది తిట్టు కదా అని ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. ఏమనాలి?

సమాధానం: తిట్టు కాదమ్మా. తిట్టుగా మార్చింది మన పత్రికలు. సరిగ్గా జరగనిదల్లా వాళ్లకి ప్రహసనమే, విచారణైనా ఎన్నికైనా. మొక్కుబడి, బూటకం, తంతు అని ఇన్ని మాటలుండగా చక్కటి నాటకాల మాటని చెడగొట్టడం నాకు నచ్చదు.

‘హస్’ అంటే నవ్వడం, దాని ముందు ‘ప్ర’ చేరితే గట్టిగా నవ్వడం. సంస్కృత నాటకాల్లోని పది రకాలని దశరూపకాలంటారు, వాటిలో ప్రహసనం ఒకటి. పల్లవరాజు మహేంద్రవర్మ ఏడో శతాబ్దంలోనే సంస్కృతంలో ప్రహసనం రాశాడు. తెలుగులో మాత్రం దానికి ప్రాణం పోసింది కందుకూరి వీరేశలింగం పంతులుగారే. 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టి, దానికి తోడు హాస్యసంజీవని అనే హాస్య పత్రిక నడిపి, ఒక్కో దురాచారాన్ని పట్టుకుని చిన్నచిన్న ప్రహసనాలుగా జనంలోకి వదిలారు. లంచాలు, ప్లీడర్ల మాయలు, ముసలి పెళ్లికొడుకులు, ఎవర్నీ వదల్లేదు. పెద్ద నాటకం చూసే ఓపిక లేనివాడు కూడా చదివి నవ్వుకునేంత చిన్నవి, పైగా మనిషి ఎలా మాట్లాడతాడో అలా రాసినవి. మీరు ఫోన్లో చేస్తున్న పనికి ఇంతకంటే దగ్గరి పూర్వికులు లేరు.

అలాగని మీ వీడియోలన్నీ ప్రహసనాలే అనను. మనిషిలోని ఒక డాబునో ఒక పిసినారితనాన్నో పట్టుకుని నవ్విస్తేనే ఆ పేరు. మీ చీరలకుండే కుంభాల అంచు అంటే ఏంటో తెలియకుండా బేరమాడే పెద్దమనిషి బండారం ఆ అంచు దగ్గరే బయటపడిందనుకోండి, అది ప్రహసనం, మీ చీర కూడా కథలోనే ఉంది. నవ్వంతా ఒక దారిన పోయి చివర్లో కొట్టు పేరు అతికిస్తే ఉత్త స్కిట్, చూసినవాళ్లకి జోకు గుర్తుంటుంది, కొట్టు గుర్తుండదు. నాట్యశాస్త్రం నవ్వుని స్మితం, అంటే చిరునవ్వు, నుంచి అతిహసితం దాకా ఆరు రకాలు చేసి, పొట్ట పట్టుకుని నవ్వే చివరిదాన్ని అధమంలో వేసింది. అమ్మకానికి స్మితం చాలు.

‘హాస్యనాటిక’ తప్పు కాదు, కాస్త పొడుగు. ‘లఘుహాస్యం’ ఎవరూ అనరు. మీలో మీరు స్కిట్ అనుకుంటే నాకేం అభ్యంతరం లేదు, పేరుగా పెట్టేటప్పుడు ప్రహసనం అనండి, ఒడియాలోనూ ఈ మాట ఉంది కనుక అటువాళ్లకీ తెలుస్తుంది. పేపర్ అర్థమే తలకెక్కిన ఊళ్లో కొందరు అపార్థం చేసుకోవచ్చు, అది మీరే చూసుకోవాలి.

డైలాగులు మాత్రం బరంపురం తెలుగులోనే రాయండి, ఒడియా మాటలు దొర్లినా దిద్దకండి. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది జనం మాట్లాడే తెలుగు కోసమే. ఇంకొకటి, పేరున్న కుర్రాడికి డబ్బిచ్చి నటింపజేస్తే అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని, ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న నియంత్రణ సంస్థ ఆస్కి 2021లో నియమం పెట్టింది. తెలుగు వీడియో మీద ఆ ముక్క ‘ప్రకటన’ అని తెలుగులోనే వేయండి.