మోడల్ కిట్ లేకుండా అణువుల ఆకృతులు: బత్తాయి పిందెలు, బెలూన్లు, పత్తి

పదో తరగతి పిల్లలు మీథేన్ చతుర్ముఖీయం (నాలుగు త్రిభుజ ముఖాల ఆకారం) అని రాస్తున్నారు గానీ ఆ ఆకారం వాళ్ల కళ్లకు కట్టడం లేదు, స్కూల్లో మోడల్ కిట్ కూడా లేదు, ఎలా చెప్పాలి అని మీరు అడిగారు. నేను నల్గొండ వైపు హైస్కూల్లో ఇదే పాఠం చెబుతాను. కిట్ కోసం ఆగకండి టీచర్ గారూ.

మా దగ్గర బత్తాయి తోటలు ఎక్కువ. రాలిన పిందెలు పిల్లలే ఏరుకొస్తారు. పిందె కార్బన్, చీపురు పుల్లలు బంధాలు, పుల్లల చివర మట్టి ఉండలు హైడ్రోజన్లు. పేర్లు, డిగ్రీలు ఏమీ చెప్పొద్దు. "నాలుగు పుల్లలు గుచ్చండి, ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి" అనండి చాలు. దాదాపు అందరూ ప్లస్ గుర్తులా గుచ్చుతారు. కోణమానినితో కొలిపిస్తే 90 డిగ్రీలు. "ఇంకా దూరం జరపొచ్చా?" అని అడిగి ఊరుకోండి. ఇక్కడ తొందరపడి జవాబు చెప్పేస్తే పాఠం సగం పోతుంది. కాసేపటికి ఎవరో ఒకరు ఒక పుల్లను పీకి పైకి గుచ్చుతారు. ఆ తర్వాత గ్రూపులన్నీ సర్దుకుంటాయి. అప్పుడు ఏ రెండు పుల్లల మధ్యైనా కోణం 109°28' అని బోర్డు మీద రాయండి.

నమ్మకం కుదరడానికి బెలూన్లు. ఒకే సైజువి నాలుగు ఊది, రెండేసి మూతులు కలిపి ముడివేసి, ఆ రెండు జంటలను మధ్యలో మెలిపెట్టండి. బల్ల మీద చదునుగా నొక్కి వదిలితే మళ్లీ అదే చతుర్ముఖీయ ఆకారానికి వస్తాయి. రెండైతే రేఖీయం, మూడైతే సమతల త్రిభుజం. 1940లో సిడ్జ్‌విక్, పావెల్ ప్రతిపాదించి, 1957లో గిలెస్పీ, నైహోమ్ తీర్చిదిద్దిన ఎలక్ట్రాన్ జంటల వికర్షణ సిద్ధాంతం (మధ్య పరమాణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ జంటలు ఒకదాన్నొకటి నెట్టుకుని వీలైనంత దూరంగా ఉంటాయి) పేరు ఇదంతా అయ్యాకే రాయండి.

తర్వాత మీథేన్ మోడల్‌ను ఎండలోకి తీసుకెళ్లండి. రెండు పుల్లలు సూర్యుడి వైపు, రెండు కింది వైపు ఉండేలా తిప్పి, కింద తెల్ల కాగితం పెడితే నీడ అచ్చం ప్లస్ గుర్తులా పడుతుంది. పుస్తకంలో గీసేది ఆ నీడనే అని పిల్లలకు వెంటనే అందుతుంది. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

ఒంటరి జంటకు, అంటే బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటకు, పత్తి వాడతాను. ఒక హైడ్రోజన్ ఉండ తీసి ఆ పుల్లకు పత్తి దట్టంగా చుడితే అమ్మోనియా. పత్తి ఎక్కువ చోటు తీసుకుంటుంది, పక్క పుల్లలను కొంచెం దగ్గరికి నెట్టాలి, కోణం 107 డిగ్రీల దగ్గరికి వస్తుంది. రెండు పత్తులైతే నీరు, 104.5. ఆకృతి పేరు అడిగేటప్పుడు పత్తిని చేత్తో మూయించండి, పరమాణువులను మాత్రమే చూసి చెప్పాలి. పరీక్షలో పిల్లలు తప్పేది ఇక్కడే.

"ఇవన్నీ ఎందుకు సార్?" అంటే నీటి గురించి చెబుతాను. ఇళ్లలో కాళ్లు వంగిన తాతలను చూసిన పిల్లలకు ఫ్లోరైడ్ మాట కొత్త కాదు. నీటి అణువు వంగి ఉండబట్టి ఆక్సిజన్ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం. రాళ్ల నుంచి వచ్చిన ఫ్లోరైడ్ అయాన్ చుట్టూ ఆ హైడ్రోజన్లు చేరి దాన్ని నీటిలో పట్టి ఉంచుతాయి. కార్బన్ డయాక్సైడ్‌లా తిన్నగా ఉంటే రెండు బంధాల లాగుడు ఒకదాన్నొకటి కొట్టేసేది. కార్బన్ డయాక్సైడ్ మోడల్ చేయిస్తే, దానిలోని ఒక్కో ద్విబంధానికి రెండు పుల్లలు కలిపి కట్టి, ఒకే దిక్కుగా లెక్కించమనండి.

పిందెలు త్వరగా వాడి పుల్లలు వదులవుతాయి. నీడ, పత్తి పనులు మర్నాటికల్లా పూర్తిచేయించండి.