మార్సియానో, ఫ్యూరీ తలపడితే గెలుపెవరిది?

పర్లాకిమిడి టీకొట్టు దగ్గర రోజూ ఇదే వాదన అంటూ ఒకరు అడిగారు: 49కి 49 బాక్సింగ్ పోటీలు గెలిచిన పాత తరం హెవీవెయిట్ (అత్యధిక బరువు విభాగం) ఛాంపియన్ రాకీ మార్సియానో ఈ తరం హెవీవెయిట్ టైసన్ ఫ్యూరీని కొట్టగలడా?

ముందు ఏ రూల్స్ కింద ఆడిస్తున్నారో తేల్చుకోండి. అది తేలకపోతే తెల్లారినా వాదన తెగదు. అప్పట్లో టైటిల్ పోటీ 15 రౌండ్లు, ఇప్పుడు 12. 1952 సెప్టెంబరులో అప్పటి ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్‌తో మార్సియానో పోటీ చూడండి. మొదటి రౌండ్లోనే మార్సియానో కింద పడ్డాడు. 12 రౌండ్లయ్యేసరికి మూడు స్కోరుకార్డుల్లోనూ వాల్కాటే ముందున్నాడు. 13వ రౌండ్లో, తాళ్ల దగ్గర, దగ్గరి నుంచి విసిరిన ఒక్క కుడి గుద్దుకు వాల్కాట్ కుప్పకూలాడు. నేటి రూల్స్ అయితే బెల్టు వాల్కాట్ దగ్గరే ఉండేది, ఆ 49-0 రికార్డే ఉండేది కాదు!

ఇక కొలతలు. ఆ రోజు మార్సియానో బరువు 84 కిలోల లోపే. ఇప్పుడైతే అతను హెవీవెయిట్ కాదు, దాని కింది విభాగమైన క్రూజర్‌వెయిట్ (పరిమితి 90.7 కిలోలు). ఫ్యూరీ ఎత్తు 206 సెం.మీ., 2024 మేలో బరువు 119 కిలోలు. రీచ్‌లో (చాచిన చేతుల పొడవులో) ఇద్దరికీ తేడా 40 సెం.మీ. పైనే. ఫ్యూరీ జాబ్ (ముందు చేత్తో విసిరే సూటి గుద్దు) దాటి లోపలికి చొరబడితే తప్ప మార్సియానో గుద్దు తగలదు. చొరబడ్డాక ఫ్యూరీ మెడ మీద వాలి, బరువంతా మోపి, కాళ్లలో సత్తువ పిండేస్తాడు.

ఎత్తొక్కటే చాలదు, నిజమే. ఆ మే పోటీలోనే 101 కిలోల ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ ఫ్యూరీని ఓడించాడు. కానీ ఉసిక్ 191 సెం.మీ. మనిషి, అడుగుల పనితనం వేరు. 12 రౌండ్లకు నా ఓటు ఫ్యూరీకే, పాయింట్ల మీద. సరిజోడు కావాలంటే 2018లో క్రూజర్‌వెయిట్ బెల్టులన్నీ పట్టిన ఉసిక్‌ను మార్సియానో ఎదుట నిలబెట్టి, 15 రౌండ్లకు వాదించుకోండి.