సమాధానం: డికెన్సా, డఫీనా?

ఇంగ్లండ్‌లో మత సంస్కరణను, అంటే 16వ శతాబ్దంలో క్యాథలిక్ పద్ధతి నుంచి ప్రొటెస్టెంట్ పద్ధతికి మారడాన్ని, జనమే కోరుకున్నారని చరిత్రకారుడు ఎ.జి. డికెన్స్, పైనుంచి రుద్దారని మరో చరిత్రకారుడు ఈమన్ డఫీ రాశారు, అసైన్‌మెంట్‌లో ఎవరి మాట పట్టుకోవాలి అని అడిగారు. టెన్షన్ అక్కర్లేదు. ఇద్దరూ చూసిన ఆధారాలు వేరు.

1964లో డికెన్స్ ప్రధానంగా లొల్లార్డులను (సంస్కరణకు ముందే క్యాథలిక్ చర్చిని విమర్శించినవాళ్లు), తొలి ప్రొటెస్టెంట్లను చూశారు. 1992లో డఫీ మామూలు జనం ప్రార్థన పుస్తకాలు, చర్చి జమాఖర్చులు తిరగేశారు. లొల్లార్డులను మాత్రం దాదాపు పక్కన పెట్టేశారు, ఆ విమర్శ న్యాయమే.

మీకు బాగా పనికొచ్చేది నైరుతి ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో మోర్‌బాత్ అనే చిన్న పల్లె మీద డఫీ చేసిన పని. అక్కడ క్రిస్టొఫర్ ట్రికీ అనే ఫాదర్ 1520 నుంచి 1574 దాకా, అంటే ఎనిమిదో హెన్రీ నుంచి ఎలిజబెత్ వరకు, ఊరి చర్చి లెక్కలు రాసి పెట్టాడు. 1549 పద్దుల్లో ఐదుగురు మనుషుల్ని ఎక్సెటర్ నగరం పక్కనున్న శిబిరానికి పంపిన ఖర్చు కనిపిస్తుంది. కొత్త ప్రొటెస్టెంట్ ప్రార్థన పుస్తకం మీద తిరగబడ్డవాళ్ల శిబిరమే అది అంటారు డఫీ. అయినా అదే ఫాదర్ ఎలిజబెత్ హయాంలో కొత్త పద్ధతికి సర్దుకుని అక్కడే కొనసాగాడు.

నా మొగ్గు డఫీ వైపే. కానీ మీరు కొత్త మతం త్వరగా పాకిన లండన్‌కి ఒక పేరా, మోర్‌బాత్‌కి ఒక పేరా ఇచ్చి, ప్రాంతాన్ని బట్టి జవాబు ఎలా మారుతుందో చూపించండి. మార్కులు అక్కడే పడతాయి.