పిల్లల కోసం పనిచేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది పరకాల. మా బిడ్డ హనుమకొండ హాస్టల్లో ఉండి బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. ఆపదలో ఉన్న పిల్లల తరఫున నిలబడే వలంటీర్‌ అవుతానంటోంది. అమెరికాలో కోర్టులే అలాంటివాళ్లను పెడతాయట. గ్రూప్స్ కోచింగ్‌కు పొమ్మంటే వినడం లేదు. జీతం లేని పని, పైగా పోలీసులు, కేసులు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: పంపండమ్మా. కాకపోతే ఎక్కడికి, ఏ పనికి అన్నది చూసుకుని పంపండి.

అమెరికా సంగతి నిజమే. 1977లో సియాటిల్‌లో ఒక జడ్జి మొదలుపెట్టిన పద్ధతి అది. మన దగ్గర ఏర్పాటు వేరు. కాజీపేట జంక్షన్‌లో ఒంటరిగా రైలు దిగిన పిల్లాడు దొరికితే, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. ఇంటికి పంపాలా, హోమ్‌లో ఉంచాలా అన్నది సమితి తేలుస్తుంది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో అయితే విచారణ పూర్తయ్యేదాకా బిడ్డకు తోడుండే సపోర్ట్ పర్సన్‌ను ఇస్తారు. మీ అమ్మాయి మనసులో ఉన్నది ఈ పనే కావచ్చు. దానికి తగిన చదువు, అనుభవం ఉండాలి. ఇప్పుడే అందులోకి దిగకూడదు.

ఇప్పుడు తను బాగా చేయగలిగింది రిజిస్ట్రేషన్ ఉన్న బాలల హోమ్‌లో, అనుమతి తీసుకుని, వారానికోసారి చదువు చెప్పడం. చిన్న పని అనుకోవద్దు. ఆ పిల్లల్లో చాలామందికి పెద్దవాళ్లు ఇప్పటికే ఒకసారి దూరమయ్యారు. నాలుగు వారాలు వచ్చి, బాగా చేరికయ్యాక మాయమయ్యే అక్క వల్ల వాళ్లకు మేలు కన్నా బాధే ఎక్కువ. కనీసం ఏడాది వస్తానని మాట ఇవ్వగలిగితేనే మొదలుపెట్టమనండి. పరీక్షలుంటే ఎన్ని వారాలు రాదో పిల్లలకు ముందే చెప్పాలి.

ఫొటోలు, స్టేటస్‌లు అసలే వద్దు. ఆ పిల్లల గుర్తింపు బయటపెడితే చట్టప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఏ బిడ్డయినా "ఎవరికీ చెప్పకక్కా" అని తనపై జరిగిన లైంగిక హింస గురించి చెబితే, దాస్తానని మాట ఇవ్వకూడదు. పోలీసులకు తెలియజేయడం పోక్సో ప్రకారం తప్పనిసరి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం అందుతుంది. ఇలాంటివి విన్న రోజు తనకూ నిద్ర పట్టకపోవచ్చు. పిల్లల వివరాలు అడగకుండా, తను ఎలా ఉందో మాత్రం కనుక్కుంటూ ఉండండి.

ఇక ఉద్యోగం. వలంటీర్ సర్టిఫికెట్ ఒక్కదానితో ఉద్యోగం రాదు. డిగ్రీ అయ్యాక పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), లేదా లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల లా చేయమనండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వలంటీర్‌గా (న్యాయ సాయం అవసరమైనవాళ్లకు దారి చూపే వలంటీర్) చేరడానికి మాత్రం అంతదాకా ఆగనక్కర్లేదు. సర్కారు ఉద్యోగం మీద మీకున్న ఆశా పోనక్కర్లేదు. 2022లో సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) పోస్టులకు సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు సోషల్ వర్క్, సోషియాలజీ చదివినవాళ్లు కూడా అర్హులే. తన బీఏలో సోషియాలజీ ఉందేమో ముందు అడగండి.