పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

చిన్నీ,

శుక్రవారం ఆఫీసులో నలభై మందిని రెండు గంటలు ఆడించాలి, చేతిలో బడ్జెట్ లేదు అని ఫోన్లో వాపోయావు. నేనూ ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఏళ్ల తరబడి బెలూన్లు పగలగొట్టించినదాన్నే. చివరికి నాకు అచ్చొచ్చినవి పాత బొమ్మలు.

1559లో బ్రూగెల్ అనే ఫ్లెమిష్ చిత్రకారుడు గీసిన సామెతల బొమ్మ ఒకటుంది. ఒకే ఊళ్లో వంద పైచిలుకు సామెతలు మనుషులై తిరుగుతుంటాయి. వికీమీడియా కామన్స్ అనే వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పెద్ద సైజుదే దింపుకో, లేకపోతే ముఖాలు అలుక్కుపోతాయి. అమీర్‌పేటలో ఏదో ఒక జిరాక్స్ షాపులో ఏ3 కలర్ ప్రింట్లు తీయించి ఐదుగురికి ఒకటి చొప్పున ఇవ్వు. బొమ్మ పేరు చెప్పకు. "ఇందులో మీకు తెలిసిన సామెతలు ఎన్నున్నాయి?" అని అడిగి పక్కకు తప్పుకో.

మొదట్లో ఎవరూ నోరు విప్పరు. కంగారుపడి నువ్వు అందించబోకు. (ఇది నాకు ఒంటబట్టడానికి చాలా కాలం పట్టింది.) కవచం తొడుక్కుని పిల్లికి గంట కడుతున్నవాణ్ణి ఎవరో ఒకరు పట్టేస్తారు. దూడ పడి చచ్చిపోయాక బావి పూడుస్తున్నవాడి దగ్గర అసలు సందడి మొదలవుతుంది. మా ఆఫీసులో ఒక పెద్దాయన "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం" అన్నాడు. మీటింగుల్లో ఎప్పుడూ గొంతు పెగలని కొత్తమ్మాయి, "రిలీజ్ అయ్యాక టెస్టింగ్ చేసినట్టుంది సార్" అంది. మేనేజరు కూడా నవ్వక తప్పలేదు.

తెలుగు రానివాళ్లను వాళ్ల సామెతే చెప్పనివ్వు. రెండు స్టూళ్ల మధ్య బూడిదలో కూలబడ్డవాణ్ణి మేము 'రెంటికి చెడ్డ రేవడి' అంటే, పాతబస్తీ నుంచి వచ్చే ఒకాయన 'ధోబీ కా కుత్తా, న ఘర్ కా న ఘాట్ కా' (చాకలివాడి కుక్క ఇంటికీ కాదు, రేవుకీ కాదు) అన్నాడు. ఆ పూట లంచ్‌కి అందరూ ఒకే టేబుల్ చుట్టూ చేరారు.

టైమ్ మిగిలితే జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన పెద్ద అల బొమ్మను పన్నెండు ముక్కలు చేసి, ముక్కకు ముగ్గురు నలుగురు చొప్పున ఇచ్చి, ఏ4 కాగితం మీద పెద్దది చేసి గీయించు. అతికించేటప్పుడు అంచులు కలవవు. పక్కవాళ్లను ముందే అడిగి ఉండాల్సిందని వాళ్లే అనుకుంటారు.

రవివర్మ లక్ష్మిని, సరస్వతిని మాత్రం కత్తెరకు ఇవ్వకు, ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. కాపీరైట్ హక్కుల సంగతంటావా, మన దేశంలో చిత్రకారుడు చనిపోయిన ఏడాది దాటాక 60 ఏళ్లు లెక్క. రవివర్మ 1906లో, మన రాజమండ్రి దామెర్ల రామారావు 1925లో పోయారు, వాళ్లతో పేచీ లేదు. బెంగాల్ చిత్రకారుడు జామినీ రాయ్ పోయింది 1972లో, కాబట్టి 2032 చివరిదాకా ఆగాలి. ఒకసారి నేను బతికున్న చిత్రకారుడి బొమ్మను క్యాలెండర్‌లోంచి తీసి ఆఫీసు ఫోల్డర్ల మీద వేయించాను. ఆయన ఉత్తరం రాశాడు. ఫోల్డర్లన్నీ అటకెక్కాయి, క్షమాపణ నేనే రాయాల్సి వచ్చింది.

స్కెచ్ పెన్నులు కొనకు. నా బీరువాలో రెండు డబ్బాలున్నాయి, గురువారం వచ్చి పట్టుకెళ్లు.

మీ పెద్దమ్మ